బావను రాష్ట్రం దాటించిన ఆదివారం

ఇది ఒక మహాయాత్ర కథ. ఇందులో ఎడారి ఉంది, సరిహద్దు ఉంది, రెండు రాష్ట్రాలు ఉన్నాయి, ప్రాణభయం ఉంది.

కాకపోతే ఎడారి అంటే వాన పడక మాడిన వేరుశనగ చేను. సరిహద్దు అంటే ఒక టీ బంకు. రెండు రాష్ట్రాలు చూపించిన వాహనం బళ్ళారి బస్సు, అది కూడా దారిలో చెయ్యెత్తిన ప్రతివాడి కోసం ఆగింది. ప్రాణభయం ఒక్కటే నిజం. ప్రాణం మా బావది, భయం నాది.

మాది అనంతపురం పక్కనే ఉన్న బుక్కరాయసముద్రం. ఊళ్లో ఒక పెద్ద చెరువు ఉంది, దాని పేరు చెప్పుకుని బతికే చెరువుకట్ట ఫుట్‌బాల్ క్లబ్బు ఉంది. చెరువులోకి కొన్ని ఏళ్ళయినా నీళ్ళు వస్తాయి. క్లబ్బుకు ఆ భాగ్యం కూడా లేదు. ఈ ఏడు మేం గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్. ఆ మ్యాచ్‌కు రాని అభిమాని ఒకే ఒక్కడు, మా అక్క మొగుడు ఓబులేసు బావ. ఆ రోజు ఎవరిదో పెళ్ళికి పోయాడు.

అంతా అక్కడే మొదలైంది. మా కెప్టెన్ తండ్రి సుంకన్న, గ్యాలరీ అని మేం పిలుచుకునే సిమెంటు గట్టు మీద కూర్చుని అన్నాడు: "ఓబులేసూ, నీ పాదం బాగల్యాదప్పా. నువ్వు పెండ్లిండ్లకు పోతాండు, మనోళ్ళు గెలుస్తాంటారు."

అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. తర్వాతి మ్యాచ్‌కు వచ్చాడు, ఓడిపోయాం. ఆ తర్వాతిదానికి ప్రహరీ గోడ బయట నిలబడ్డాడు, ఓడిపోయాం. గోడ చాలదని తేలింది. ఇంకోసారి ఇంట్లోనే కూర్చున్నాడు, అయినా ఓడిపోయాం. ఇల్లు మైదానానికి మరీ దగ్గరని తేలింది. మా జట్టుకు డిఫెన్స్ లేదని మాత్రం ఎవరికీ తేలలేదు.

బావకు డ్రిప్ పైపుల అంగడి ఉంది. పైపు కొలుస్తుంటే ఆయన చేతులు వణుకుతున్నాయని కొనడానికొచ్చిన రైతులే చెప్పుకోసాగారు. అన్నం కలిపి, తినకుండా లేస్తున్నాడు. నిద్ర లేదు. గుండె దడదడలాడుతోందని ఉన్నట్టుండి షర్టు గుండీలు విప్పుకుంటాడు. అడిగితే "ఏం ల్యా" అంటాడు.

ఆఖరి మ్యాచ్ కదిరిలో పడింది, ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకు. జిల్లాను విడగొట్టాక కదిరి వేరే జిల్లాలోకి పోయింది గానీ, మా లీగును విడగొట్టాలని ఎవరికీ గుర్తు రాలేదు. గెలిస్తే పై డివిజన్‌లో ఉంటాం, లేకపోతే కిందికి పోతాం. అభిమానులంతా వ్యాను మాట్లాడుకున్నారు. బావ మాత్రం కదిరికి సరిగ్గా ఎదురు దిక్కున ఎంత దూరం పోగలిగితే అంత దూరం పోతానన్నాడు. సుంకన్న ఆయన భుజం తట్టి, ఇది కదా త్యాగమంటే, అన్నాడట.

శనివారం అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఒరే సీనా, నువ్వూ పో ఆయనెంబడి. ఒంటిగా వదలాకు. నిన్న ఏమన్నాడో తెల్సా? నేను ల్యాకుంటే అందరూ బాగుంటారు అన్నాడు."

"క్లబ్బు సంగతి అనింటాడులేక్కా."

"క్లబ్బు అన్ల్యా. అందరూ అన్నాడు."

బామ్మర్దిగా బావను ఎగతాళి చేయడం నా జన్మహక్కు. ఆ పూట కూడా నోటి దాకా ఒకటి వచ్చింది. మింగేశాను.

ఆదివారం పదిన్నరకు అనంతపురం బస్టాండులో ఎక్కాం. ఇద్దరి ఫోన్లూ నా జేబులోనే ఉండాలని ఒప్పందం. టికెట్ ధర రాయను, మీరు పోయేసరికి మారిపోయి ఉంటుంది. ఎండ పడని పక్క ఏదో చెబుదామంటే, దారి వంకర్లు తిరిగేకొద్దీ రెండు పక్కలా పడింది. బావ కిటికీ పక్కన కూర్చుని తువ్వాలు తల మీదుగా కప్పుకున్నాడు. బస్సు కదిలిన దగ్గర్నుంచీ ఆయన మోకాలు ఆడుతూనే ఉంది. నేను దాని మీద చెయ్యి పెట్టాను. నా చెయ్యి కూడా ఆడింది.

ఎదురు సీట్లో ఉరవకొండ దగ్గరి పల్లెకు పోతున్న ఒక పెద్దాయన. చేను ఎండిపోయి, పిల్లకు పెళ్ళి చేసి, బ్యాంకుకు తిరిగి తిరిగి వస్తున్నవాడు. ఇవన్నీ మేం అడక్కుండానే చెప్పాడు. ఆ తర్వాత మా వంతు వచ్చింది.

"యాడికప్పా పయనం?"

"మ్యాచ్ ఉండాదన్నా."

"చూసేకి పోతాండారా?"

"కాదన్నా. చూడకుండా ఉండేకి పోతాండాం."

పాదం కథంతా చెప్పాను. పుస్తకాల్లో అయితే ఇలాంటి పెద్దాయన ఇక్కడ ఒక మంచి మాట చెప్పాలి, దాంతో బావ కళ్ళు తెరవాలి. నేను ఆశగా చూశాను. ఆయన బావ తువ్వాలు వైపు తల ఊపాడు.

"ఉంటాదప్పా, ఉంటాది. మా అల్లుడు ట్రాక్టరు ఎక్కినాడంటే మబ్బు అట్ల ఎళ్ళిపోతాది. ఈసారి వాణ్ణి బెంగుళూరుకు పంపించినాం."

"వాన పడిందా?" తువ్వాలు లోపలి నుంచి బావ అడిగాడు. ఆ పొద్దు ఆయన నోరు విప్పడం అదే మొదటిసారి.

"ల్యా. బెంగుళూరులో పడింది."

బావ మోకాలు ఇంకా వేగంగా ఆడటం మొదలుపెట్టింది.

పన్నెండు దాటాక ఉరవకొండలో దిగాం. మొదట అనుకున్నది ఇక్కడిదాకానే. బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో రాగిముద్ద, పప్పు, ఊరుబిండి తిన్నాం. అంటే నేను తిన్నాను. వేరుశనగపప్పు, ఎండుమిరపకాయలు కలిపి నూరిన ఆ పచ్చడి కోసం అయినా ఒకసారి ఉరవకొండలో దిగవచ్చు. బావ ముద్దను నాలుగు చేశాడు, ఎనిమిది చేశాడు, మళ్ళీ ఒకటిగా చేశాడు. విస్తరాకు మడిచేశాడు.

"ఈడ చాలదురా సీనా."

"ఇంగెంత దూరం పోవల్ల బావా?"

"రాష్ట్రం దాటితే పని చెయ్యదేమో."

"ఏం, నీ పాదానికి పర్మిట్టు ల్యాదా?"

మామూలుగా అయితే నెత్తిన ఒకటి మొట్టేవాడు. ఆ రోజు మాత్రం నిజంగానే ఆలోచించి, "ల్యాదనే అనుకుంటాండా" అన్నాడు. బావ వెర్రివాడు కాడు. వందల మీటర్ల పైపును నోటి లెక్కతో చెప్పే మనిషి. అదే లెక్కతో ఇప్పుడు తన్ను తాను లోకం నుంచి తీసివేసుకుంటున్నాడు.

ఒకటిన్నరకు వెనకాల వచ్చిన బళ్ళారి బస్సు ఎక్కాం. కండక్టరు ఎక్కడికన్నాడు. రాష్ట్రం దాటాక మొదటి స్టాపుకు అన్నాను. "ఊరి పేరు చెప్పప్పా" అని విసుక్కుని, తనే ఏదో కొట్టి ఇచ్చాడు. గాలిమరలు కనబడటం మొదలయ్యాయి. చేల మధ్యలో తెల్లగా, ఎత్తుగా, తీరుబడిగా తిరుగుతున్నాయి. దారి పక్క బోర్డుల మీద తలకట్లు మారి అక్షరాలు కన్నడంలోకి జారాయి. సరిహద్దు అంటే ఇంతే, ఫొటోకు ఏమీ ఉండదు. దిగిన చోట ఒక టీ బంకు, రెండు బెంచీలు, ఒక వేపచెట్టు. చుట్టూ చేలు.

మూడున్నర అయింది. కదిరిలో ఈల వేసి ఉంటారు. బావ బెంచీ మీద కదిరికి వీపు పెట్టి కూర్చున్నాడు. నా మొహం చూస్తే స్కోరు తెలిసిపోతుందని నన్ను కూడా అటు తిరగమన్నాడు. ఇద్దరం వరసగా బళ్ళారి వైపు చూస్తూ కూర్చున్నాం. టీ ఇచ్చిన ఆమె, బస్సు కోసం అనుకుని, "ఈడికి రాదు, రోడ్డు అవతల ఆగుతాది" అని జాలిపడింది.

కాసేపటికి జేబులో ఫోను అదిరింది. వేపచెట్టు చాటుకు పోయి చూశాను. ఒకటీ సున్నా. మేమే వేశాం.

నా బతుకులో మా క్లబ్బు గోల్ కొడితే భయం వేయడం అదే మొదలు. అప్పటిదాకా నేను ఓటమికి భయపడుతున్నాను. గెలుపు ఇంతకన్నా ఘోరమని అప్పుడు అర్థమైంది. గెలిస్తే లెక్క సరిపోతుంది. ఓబులేసు లేడు, గెలిచారు. ఇక ఆ మనిషికి ఎవరు ఏం చెప్పినా ఎక్కదు. అందరూ బాగుండాలంటే తాను ఎంత దూరం పోవాలో ఆయనకు కొలత దొరికినట్టే. చిన్నప్పటి నుంచి మా క్లబ్బు పచ్చ జెర్సీ వేసుకుని తిరిగినవాణ్ణి, వేపచెట్టుకు ఆనుకుని, కదిరివాళ్ళు ఒక్క గోల్ కొట్టాలని మొక్కుకున్నాను. దేవుడు ఏ జట్టో నాకు తెలీదు.

నా ఫోనులో చార్జింగు అయిపోవచ్చింది. టీ బంకులో ప్లగ్గుకు పెట్టి, దుడ్లు ఇచ్చి, చిల్లర కోసం ఆమెతో పాటు డబ్బాలో వెతుకుతున్నాను. వెనక్కి తిరిగేసరికి బెంచీ ఖాళీ.

ఫోను వెలుగుతోంది. సుంకన్న గ్రూపులో పెట్టాడు: "ఇంగా ఒకటీ సున్నాలోనే ఉండాం. ఓబులేసును యాడుండాడో ఆడికంటే ఇంగా దూరం పొమ్మని చెప్పు సీనా!" దాని కింద వరసగా నవ్వే బొమ్మలు. బావ అది చదివి ఉంటాడు.

"ఆయప్ప అట్ల పాయ" అని టీ బంకామె చేలవైపు చూపించింది.

ఫోను ప్లగ్గు నుంచి పీకి జేబులో వేసుకుని పరిగెత్తాను. పరుగు నాకు అలవాటు లేదు, నేను అభిమానిని మాత్రమే. ఎండిన వేరుశనగ మొక్కలు చెప్పుల కింద కరకరలాడుతున్నాయి. "బావా!" అని అరిస్తే గాలిమర చప్పుడు తప్ప ఏమీ రాలేదు. గట్టు దాటాక ఒక పాత బావి. చుట్టూ గోడ లేదు. మా వైపు బావుల్లో మునిగేంత నీళ్ళు ఎక్కడున్నాయిలే అని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. నీళ్ళు లేని బావి ఇంకా భయమని వెంటనే తోచింది. ఒంగి చూడటానికి నాకు ధైర్యం రాలేదు. చూశాను. అడుగున ముళ్ళకంపలు, ఒక పగిలిన కుండ. ఇంకేం లేదు.

తలెత్తితే రెండు చేల అవతల తువ్వాలు కనిపించింది. ఆయన పరిగెత్తడం లేదు. కొలిచినట్టు, అడుగులో అడుగు వేసుకుంటూ పోతున్నాడు. వెనక నుంచి పోయి చొక్కా పట్టుకున్నాను.

"యాడికి బావా?"

"ఇంగా కొంచెం దూరం. గెలుస్తాండారు కదా. ఇప్పుడు నిలబడితే పాడైపోతాది."

"ఎంత దూరం పోతావు?"

"సరిపొయ్యేంత దూరం." మెల్లగా, నన్ను ఓదారుస్తున్నట్టు చెప్పాడు. "నువ్వు పోరా. మీ అక్కకు ఫోన్ చెయ్యి. నీకు బస్సు ఉండాది."

నీకు, అన్నాడు. మనకు అనలేదు. నేను చొక్కా వదలలేదు. ఆయన నడక ఆపలేదు. కాబట్టి ఇద్దరం అలాగే పోయాం, ముందు ఆయన, వెనక చొక్కా పట్టుకుని నేను. చూసేవాళ్ళకు రైలాట. మాట్లాడటానికి నాకు జోకులు తప్ప ఏమీ రావు, అవి కూడా అయిపోయాయి. "అక్క ఏడుస్తాది బావా" అని మాత్రం మళ్ళీ మళ్ళీ అన్నాను. మొదటి రెండుసార్లు ఆయనకు వినబడలేదు. మూడోసారి నడక కొంచెం నెమ్మదించింది.

అప్పుడు జేబులో ఫోను అదిరింది, ఆగి, మళ్ళీ అదిరింది. చూశాను. గట్టిగా చదివాను.

"ఒకటీ రెండు. ఆఖరిది మన గోల్‌కీపరే చేతులారా లోపలేసుకున్నాడు. అయిపాయ. కిందికి పోయినాం."

బావ నిలబడిపోయాడు.

"నేను ఈడ ఉండానే?"

"ఈడనే ఉండావు బావా."

"కర్ణాటకలో."

"కర్ణాటకలో."

"అయితే నేను కాదు."

"నువ్వు కాదు బావా. గోల్‌కీపరు."

చేను మధ్యలో చతికిలబడ్డాడు. మొదట ఏడ్చాడు. తర్వాత నవ్వాడు. రెండూ కలిశాక ఏది ఏదో తెలియలేదు. నేను పక్కన కూర్చుని చొక్కా పట్టుకునే ఉన్నాను. ఇంతకీ ఆ చేను ఏ రాష్ట్రంలోదో నాకిప్పటికీ తెలీదు. నడిచి నడిచి మళ్ళీ ఆంధ్రాలోకి వచ్చేశామేమో. అక్కడ మేకలు మేపుకునే మనిషి కనిపించాడు గానీ నేను అడగలేదు. మీరు కూడా అడక్కండి.

ఆరు దాటాక తిరుగు బస్సు దొరికింది. ఉరవకొండలో ఆగినప్పుడు బావ రెండు పొట్లాలు బొరుగులు తిని, నాది కూడా లాక్కున్నాడు. బస్సు కదిలాక తువ్వాలు ఒళ్లో పెట్టుకుని, చాలాసేపు దాన్ని మడతలు పెట్టాడు.

"ఒరే సీనా. క్లబ్బు కిందికి పాయ. పద్దెనిమిదేండ్లుగా నా క్లబ్బు. నేను నవ్వినా."

"నేనూ నవ్వినా కదా."

"నువ్వు ఎప్పుడూ నవ్వుతావు, నీ సంగతి వేరే. నేను నవ్వినా అంటే నాకు బాగల్యాదురా. ఆ చేన్లో నేను యాడికి పోతాంటినో నాకే తెలీదు." కిటికీ వైపు తిరిగాడు. "ఎవురన్నా డాక్టరుకు చూపిచ్చురా."

అక్కకు ఫోన్ చేసి, ఆయన చేతికే ఇచ్చాను. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, బస్సు చప్పుడు అంత ఉంది. ఆ తర్వాత ఆయన నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు. ఎన్ని రోజుల తర్వాతో. ఊపిరి ఆడుతోందా అని మధ్యమధ్యలో ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఒకసారి నిద్రలోనే వేలు కొట్టేశాడు.

బళ్ళారి దారిలో చూడదగినవి చాలా ఉంటాయంటారు. నేను ఒక మనిషినే చూశాను. భయం తీరిందని చెప్పలేను. చొక్కా పట్టుకున్న చెయ్యి మాత్రం కాస్త సడలింది. ఊరు వచ్చే లోపల అక్క మెసేజీ పెట్టింది, ఎవరినో కనుక్కుందట: మనసు డాక్టరుకు చూపించాలంటే పెద్దాసుపత్రిలో సోమవారం పొద్దున్నే చీటీ తీసుకోవాలి, చీటీకి ఆధార్ జిరాక్సు కావాలి. ఆదివారం పూట మా ఊళ్లో జిరాక్సు అంగళ్ళు మూసి ఉంటాయి.