నీడ కొలిచిన నీళ్లు

నేను దుబాయ్‌లో రెండేళ్లకు పైగా కాలువ గట్ల మీద తిరిగానంటే మా ఊళ్లో ఇప్పటికీ నవ్వుతారు. "దుబాయ్‌ల కాలువేందిరా, కల గన్నవా?" అంటారు. వాళ్ల తప్పేం లేదు. వాళ్లు చూసిన ఫొటోల్లో ఇసుక, మేడలు, కారుకు ఆనుకుని నిలబడ్డ మా ఊరి పోరగాళ్లు తప్ప ఇంకేమీ ఉండవు. ఆ కార్లు కూడా వాళ్లవి కావు. మా ఊళ్లో గల్ఫ్ అంతా దుబాయే గానీ, నేను చెప్పేది ఫుజైరా వైపు కొండల సంగతి, ఎనభైల మొదట్లో. నల్లటి కొండలు, మధ్యలో ఒట్టి రాళ్ల వాగు, వాగు ఒడ్డున ఖర్జూర తోటలు, ఆ తోటల్లో మోకాలి లోతు కూడా లేని కాలువ. పొద్దున్నే ఆ నీళ్లతో ముఖం కడుక్కుంటే ఒళ్లు జిల్లుమనేది. అంత హాయి నేను మళ్లీ ఎక్కడా ఎరగను.

మా నాన్న ఊరి నీరటి. చెరువు తూము ఆయన చేతిలో ఉండేది. ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలో ఆయనే తేల్చేవాడు. గడియారం లేదు కాబట్టి ఎండలో నిలబడి తన నీడను తన అడుగులతోనే కొలుచుకునేవాడు. మడి ఉన్న ప్రతివాడితోనూ ఆయనకు తగువే. ఆ తిట్లు పడలేకే నేను ఆ పని వద్దని దుబాయ్ ఎక్కాను. అబూధాబీ పక్కన ముసఫ్ఫాలో ఆర్నెల్లు కాంక్రీటు మోశాక, కొండల్లో సర్వే చేసేవాళ్లకు కొలకర్ర పట్టుకుని కదలకుండా నిలబడే మనిషి కావాలన్నారు. చిన్నప్పుడు బడిలో నన్ను ఎండలో నిలబెట్టిన పంతులు గారి పుణ్యమా అని ఆ పని నాకు దొరికింది.

మా ఇంజనీరు సూడాన్ మనిషి. అందరం ముదీర్, అంటే పెద్దసారు, అనేవాళ్లం. గొంతు పెంచడం తెలియని పెద్దమనిషి. వాగుకు అడ్డంగా కట్ట కట్టడం ఆయన పని. ఆ కొండల్లో వాన ఎప్పుడో పడుతుంది. పడితే వరద రెండు మూడు గంటల్లో సముద్రంలో కలుస్తుంది. దాన్ని ఆపి నేలలోకి ఇంకించాలి. వినడానికి మంచి పనే. చిక్కంతా కాలువతో వచ్చింది. వాళ్లు దాన్ని ఫలజ్ అంటారు. అది వాగులో ఎక్కడో గులకరాళ్ల కింద పుట్టి, భూమి లోపల సొరంగంలో నడిచి, తోటల దగ్గర బయటపడుతుంది. కట్టకు పునాది కందకం తవ్వాలి. ఆ కందకం ఫలజ్‌ను తెగ్గొట్టిందంటే తోటలు ఎండుతాయి, తాతల నాటి నుంచీ అక్కడే ఉన్న ఆ తెగ మూటాముల్లె సర్దుకోవాల్సిందే. సొరంగం ఎక్కడెక్కడ నడుస్తుందో మా పటాల్లో లేదు. ఆ తెగ పెద్దలకే తెలుసు, వాళ్లు పరాయివాళ్లకు చెప్పరు.

వాళ్లలో నీళ్ల వంతులు చూసే పెద్దాయనను అరీఫ్ అంటారు. అంటే వాళ్ల నీరటి అన్నమాట. వయసులో ఉండగా ఖర్జూరాల పడవల మీద బొంబాయి తిరిగొచ్చినవాడు. హిందీ మాట్లాడేవాడు, అదీ బొంబాయి రేవు హిందీ. ముదీర్ ప్రతి శుక్రవారం మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్లి ఆయన చాప మీద కూర్చుని కహ్వా, అంటే వాళ్ల కాఫీ, తాగేవాడు. కట్ట మాట ఎత్తేవాడు కాదు. మూడో శుక్రవారమో నాలుగో శుక్రవారమో ముసలాయనే అన్నాడు, మాకు కూడా అర్థం కావాలని హిందీలో: "నాపో. లేకిన్ కిసీ చీజ్ కో హాథ్ మత్ లగావ్." కొలుచుకోండి, దేన్నీ ముట్టుకోకండి అని.

ముట్టుకున్నది నేనే.

ఒక పొద్దున తోటల పైన యంత్రం పెట్టడానికి చదునైన చోటు వెతుకుతున్నాను. ఒక చోట నేల పలకలా ఉంది. మధ్యలో ఒక కర్ర పాతి ఉంది, దానికి ఒక పక్కన కొద్ది కొద్ది ఎడంతో రాళ్లు వరుసగా ఉన్నాయి. రోజంతా గుర్తు కర్రలు పాతేవాడికి ఏది చూసినా గుర్తు కర్రలానే కనిపిస్తుంది. మాకంటే ముందెవరో సర్వే చేసి వదిలేశారనుకున్నాను. కర్ర పీకి దానికి మా ఎర్రగుడ్డ కట్టాను. రాళ్లన్నీ ఏరి మా కొలత మేకు చుట్టూ కుప్ప పోశాను. చక్కగా చేశానని ముదీర్ మెచ్చుకున్నాడు కూడా.

పొద్దెక్కేసరికి తోటల్లోంచి అరుపులు మొదలయ్యాయి. నేను పీకింది వాళ్ల గడియారం. కర్ర నీడ ఒక రాయి నుంచి ఇంకో రాయికి జరిగితే ఒక వంతు. చివరి తోట ఆసామి తన ఉల్లి మడికి నీళ్లు కట్టుకుని, వంతు ఎంత గడిచిందో చూద్దామని వస్తే కర్రా లేదు, రాళ్లూ లేవు. తర్వాతి వంతువాడేమో నీ టైం అయిపోయిందని మడవ మూసేశాడు. పెద్దలు సూర్యుణ్ణి చూసి, లెక్కలు కట్టి, అతనికి సగం వంతు పోయిందని తేల్చారు. మళ్లీ అతని వంతు వచ్చేది ఎనిమిదో రోజున. ఆ ఎండకు అప్పటిదాకా ఉల్లి నారు నిలవదు.

ముసలాయన మా దగ్గరికి నడిచి వచ్చాడు. ఎర్రగుడ్డ కట్టిన కర్రను చూశాడు.

"యే కిస్నే ఉఖాడా?"

దీన్నెవరు పీకారు అని. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ముదీర్ నా వైపు చూడకుండా, తప్పు నాదే, నా మనుషులు చేసింది నేను చేసినట్టే అని అరబ్బీలో చెప్పాడు. ముసలాయన కర్ర తీసుకుని, గుడ్డ విప్పి, మడత పెట్టి ముదీర్ చేతికిచ్చాడు. ఆ తర్వాత రెండు శుక్రవారాలు ఆయన ఇంటి ముందు చాప పరచలేదు.

క్యాంపులో మా పికప్ డ్రైవరుది గోదావరి జిల్లా. నాకంటే పదేళ్లు పెద్ద. ఆ రెండో శుక్రవారం రాత్రి నేను అన్నం ముందు పెట్టుకుని తినకుండా కూర్చుంటే ఊరుకోలేకపోయాడు.

"ఏం తమ్ముడూ, చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం చెప్పు? తినవయ్యా బాబూ."

"అన్నా, మా నాయన నీరటి. నీడ కొలుచుడు సూస్కుంటనే పెరిగిన. నాకు సమజ్ కావద్దా?"

"ఆ మాటేదో ఆ ముసలాయనకి చెప్పొచ్చు కదా. నాకు చెప్తే ఏవొస్తది, నేనేవన్నా నీళ్లిస్తానా?"

"నన్ను దగ్గరికి రానిస్తడా?"

"రానివ్వకపోతే తిరిగొచ్చేద్దాం. బండి నాదే కదా, పెట్రోలు కంపెనీదే కదా."

మర్నాడే వెళ్లాం. మేమిద్దరం నిలబడే ఉన్నాం, ముసలాయన కూర్చోమనలేదు.  నాకొచ్చిన ఉర్దూలో, మా నాన్న మీ పనే చేస్తాడు, ఆ కర్ర ఏంటో గుర్తుపట్టవలసినవాణ్ణి నేనొక్కణ్ణే, నేనే పీకేశాను అని చెప్పేశాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఆయన నన్ను చూసి, మీ నాన్న ఎలా కొలుస్తాడు అని అడిగాడు. ఎండలోకి వెళ్లి నిలబడి, నా నీడను అడుగు మీద అడుగు వేసి కొలిచి చూపించాను.

"ఔర్ పావ్ మే కాంటా లగే తో?"

కాలికి ముల్లు గుచ్చుకుంటేనో అని! నాకు ఏడుపులోనే నవ్వు వచ్చింది. ఆయన మాత్రం నవ్వలేదు. రేపట్నుంచి రమ్మన్నాడు.

రాళ్లు మళ్లీ వాటి చోట పెట్టాలి. ముదీర్ మంచి మనసుతోనే ఒక గోడ గడియారం తెప్పిస్తానన్నాడు. గడియారం ఒకడి ఇంట్లో ఉంటుంది, నీడ అందరి ముందూ ఉంటుంది అని ముసలాయన వద్దన్నాడు. ముదీర్ నన్ను పనిలోంచి విడిపించి, నీ డ్యూటీ ఇక ఇదే అన్నాడు. ఎనిమిది రోజులు, వంతులన్నీ ఒక చుట్టు తిరిగేదాకా, పొద్దు పొడిచింది మొదలు ఆ పలక పక్కన కూర్చున్నాను. ఎవరి వంతు ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ముగుస్తుందో పెద్దలు ముగ్గురు వాదించుకుని ఒప్పుకున్నాకే రాయి పెట్టాలి. పెట్టిన రాయిని ఒక్కోసారి వేలెడంత జరపడానికి గంటసేపు పోట్లాడుకునేవాళ్లు. భాష తెలియకపోయినా ప్రతి ముక్కా అర్థమయ్యేది. అవి మా నాన్న పడ్డ తిట్లే. ఇంటి దగ్గర వినలేక పారిపోయిన తిట్లను అక్కడ కొండల మధ్య కూర్చుని ఎంత ఇష్టంగా విన్నానో! ఆ ఎనిమిది రోజుల్లాంటి రోజులు నాకు మళ్లీ రాలేదు. ఖర్జూరాలు, కహ్వా, మధ్యాహ్నం ఎండు చేపా అన్నమూ, పక్కన కాలువ చప్పుడు.

చివరి ఆసామి మాత్రం నాకు సలాం చెప్పలేదు. నా సలాంకు జవాబూ ఇవ్వలేదు. అతని ఉల్లి మడి అప్పటికే వాడి పడిపోయింది.

ఆఖరి రాయి పెట్టిన సాయంత్రం ముసలాయన లేచి, వెంట రమ్మన్నాడు. వాగులోకి దిగి పైకి నడిచాడు. కొంత దూరానికోసారి ఆగి మడమతో నేలను తన్నేవాడు, నన్నూ తన్నమనేవాడు. లోపల డొల్లగా ఉన్న చోట చప్పుడు వేరుగా ఉంటుంది. అలా తన్నుకుంటూ ఫలజ్ పుట్టే చోటి వరకూ తీసుకెళ్లాడు. మేము గీసిన కట్ట గీత దానికి కింద, పల్లం వైపు ఉంది. ఆ గీత మీద తవ్వితే సొరంగం సరిగ్గా నడుము దగ్గర తెగేది.

"ముదీర్ కో బోలో," అన్నాడు. "తూ బోల్."

చెప్పాను. ముదీర్ పటం పక్కన పెట్టి, నాతో వచ్చి, ఆయన కూడా బూట్లతో నేలను తన్ని విన్నాడు. తర్వాత రెండు నెలలు పెద్ద ఆఫీసుతో ఆయన పోరాటం. వాళ్లు గీత మార్చేది లేదన్నారు, రాతి దాకా తవ్వాల్సిందే అన్నారు. ఈయన కట్టను ఫలజ్ పుట్టే చోటు కంటే పైకి జరపాలన్నాడు, అడుగున నీళ్లు జారేలా కందకం లోతు తగ్గించాలన్నాడు. చివరికి ఈయన మాటే నెగ్గింది. ఒప్పందంలో ఇంకో మాట కూడా రాశారు. అరీఫ్ నిలబడి చూడకుండా అక్కడ ఒక్క గంప మట్టి కూడా తీయకూడదు. ముసలాయన రోజూ పొద్దున్నే వచ్చి బోర్లించిన నూనె డబ్బా మీద కూర్చునేవాడు. ఒకసారి యంత్రం తీసిన గులకరాళ్లు గుప్పిట పట్టి, వాసన చూసి, "ఖలాస్" అన్నాడు. అంతే, తవ్వడం ఆపి పూడ్చేశారు. యంత్రం నడిపే అతను గొణుక్కున్నాడు గానీ ముదీర్ అయితే ఎందుకని అడగనైనా లేదు.

కట్ట లేచింది. ఆ చలికాలం వాన పడలేదు. ఫలజ్ సన్నబడింది. చివరి తోట దాకా వచ్చేసరికి నీళ్లు తడి గీతగా మిగిలేవి. నీళ్లను ఆ కట్టే మింగేసిందని అక్కడివాళ్లు అనడం మొదలుపెట్టారు. ముసలాయన వాళ్లకు మాట ఇచ్చాడు, నన్ను నమ్మి. ముదీర్ పెద్ద ఆఫీసుకు మాట ఇచ్చాడు, ముసలాయనను నమ్మి.  రోజూ మబ్బు కోసం చూసేవాణ్ణి. మా నాన్న కూడా అంతగా చూసి ఉండడు.

మరుసటి చలికాలం ఒక మధ్యాహ్నం వాన పడింది. కొండలన్నీ ఒక్కసారి ఉరిమాయి. వాగు ఎర్రగా, రాళ్లు దొర్లించుకుంటూ వచ్చి కట్టకు కొట్టుకుని ఆగింది. పదకొండో రోజు పొద్దున డ్రైవరన్న పికప్ ఆపకుండానే అరిచాడు.

"తమ్ముడూ, ఓ తమ్ముడూ! కాలవ నిండా పారతందిరో! ఆఖరి తోటలోకి ఎక్కేసింది!"

పరుగెత్తాను. ముసలాయన రాళ్ల పక్కనే కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, నా చేయి పట్టుకుని కాలువ దగ్గరికి తీసుకెళ్లాడు. అరీఫ్ పని చేసినందుకు తెగ ఆయనకు ఎనిమిది రోజులకొక వంతు విడిగా ఇస్తుంది. ఆ వంతు అప్పుడే మొదలైంది.

"ఆజ్ యే తేరా," అన్నాడు. ఈ వేళ ఇది నీది అని.

మా నాన్న ఊరందరికీ నీళ్లు కట్టాడు. ఆయనకంటూ ఒక వంతు ఏనాడూ లేదు.  అంత నీళ్లు, నాకేమో ఆ దేశంలో ఒక్క మొక్క లేదు. ఇంకేం ఆలోచించకుండా చివరి తోటకు వెళ్లి, ఆ ఆసామి ముందు నిలబడి, ఈ వంతు నీది, కట్టుకో అన్నాను. అతను నా ముఖం వైపు చూడలేదు. పార తీసుకుని మడవ తెరిచాడు. ఉల్లి మడి నిండడం మొదలైంది.

కొంతసేపటికి అతను గట్టెక్కి నీడ చూసి వచ్చాడు. నీడ రెండు రాళ్లకు సరిగ్గా మధ్యలో ఉందట. మడిలో ఇంకా మూడింట ఒక భాగం తడవాల్సి ఉంది. అయినా మడవ మూసేశాడు.

"నాకు పోయింది సగమే," అన్నాడు అరబ్బీలో, నాకు అర్థమయ్యేలా మెల్లగా. "మిగిలింది నీది."

కాలువలో నీళ్లు నా ముందు నుంచి పోతున్నాయి. వాటితో ఏం చేయాలో తోచలేదు. చెప్పులు విప్పి, కాళ్లు నీళ్లలో పెట్టి గట్టు మీద కూర్చున్నాను. నీళ్లు ఊరికే పోతుంటే మా నాన్న చూస్తే చెంప పగలగొట్టేవాడే. కానీ అవి నా నీళ్లు. రెండేళ్లుగా నాతో మాట్లాడనివాడు వచ్చి నా పక్కన కూర్చుని, తనూ కాళ్లు ముంచాడు. 

అంతలో పైనుంచి ముసలాయన కేక వినిపించింది. నీడ రాయిని తాకింది. పక్కవాడు నా భుజం మీద ఒక్కటి చరిచాడు.

"యల్లా, లే. కాళ్లు తియ్యి. తర్వాతివాడు పార పట్టుకుని నిలబడ్డాడు."

చుట్టంగా వచ్చినవాణ్ణయితే ఇంకాసేపు కూర్చోమని బతిమాలేవారు. నన్ను లేపేశారు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.