ఒత్తులు కింది వరుసలోకి జారిన రోజులు

నాకు చిన్నప్పటి నుంచీ ముక్కు మీదే కోపం. సైకిల్ రేసుల్లో అది పనికొచ్చింది, ఇంట్లో మాత్రం తన్నులు తినిపించింది. పదహారేళ్ళు నిండేసరికి మా దీవుల అమ్మాయిల జట్టుకి వినిపించే పేర్లలో నాదీ ఒకటి. రెండు నెలల్లో సెలెక్షన్. అందులో నెగ్గితే సముద్రం దాటి మెయిన్‌లాండ్‌లో పెద్ద పోటీలు. ఆ రోజుల్లో నాకు మరో ధ్యాస లేదు, అన్నం కూడా దానికోసమే తినేదాన్ని.

పడింది ఒక మామూలు ప్రాక్టీసులో. మలుపు దగ్గర ముందున్న అమ్మాయి వెనక చక్రానికి నా ముందు చక్రం తగిలింది. ఆ తర్వాత నాకు గుర్తున్నవి సిమెంటు వాసన, హెల్మెట్ పగిలి చెవి మీద వేలాడటం, మా కోచ్ సార్ నా మీదికి వంగి "బేటా, నామ్ బతా" అనడం. పేరు చెప్పాను. ఏ వారమో కూడా చెప్పాను, ఒక రోజు తేడాతో. ఆస్పత్రిలో స్కాన్ తీసి లోపల రక్తం చేరలేదన్నారు. తల అదిరింది, విశ్రాంతి తీసుకోమన్నారు. పది రోజులకి తలనొప్పి తగ్గింది. మళ్ళీ ట్రాక్ మీదికి వెళ్ళిన రోజున సార్ "సబ్ ఠీక్?" అని అడిగారు. "ఠీక్ సర్" అన్నాను. అది అబద్ధమని నాకప్పటికి తెలియదు. నిజమని కూడా తెలియదు.

మా ఇల్లు దీవుల రాజధానిలోనే, డాలీగంజ్ పేటలో. నాన్న దూరంగా ఉత్తరాన మాయాబందర్ వైపు కాంట్రాక్టు పనుల మీద ఉండేవాడు, నెలకోసారి వచ్చేవాడు. ఇల్లూ, ఇంటి ముందు గదిలో దారాలూ బొత్తాలూ లేసులూ అమ్మే చిన్న కొట్టూ అమ్మే చూసుకునేది. మేము వెళ్ళేది తెలుగు చర్చికి. అక్కడ అమ్మకి ఉన్న గొప్పంతా ఒక్కటే. తక్కిన పిల్లలు తెలుగు పాటల్ని హిందీ అక్షరాల్లో రాసుకుని పాడుతుంటే, ఆవిడ కూతురు తెలుగు అక్షరాలు చూసి చదువుతుంది. నెలకి రెండు ఆదివారాలు ముందుకెళ్ళి వాక్యం చదివే వంతు నాది. నేను లేవగానే అమ్మ కొంగు సర్దుకుని అటూ ఇటూ చూసేది, ఎవరెవరు చూస్తున్నారో లెక్కపెట్టుకోడానికి.

పడిన తర్వాత మొదటిసారి చదవబోయిన ఆదివారం మొదటి వరుస బాగానే సాగింది. రెండో వరుసలో అక్షరాల కింద ఉండాల్సిన ఒత్తులు జారిపోయి, ఆ కింది వరుస నెత్తిన కూర్చున్నాయి. ఏ ఒత్తు ఏ అక్షరానిదో తెలియలేదు. వరుస తప్పిపోకుండా వేలు పెట్టాను. వేళ్ళు రెండు కనిపించాయి. చదివిన ముక్కే మళ్ళీ చదివాను, ఒక ముక్క పూర్తిగా వదిలేశాను. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

ఇంటికొచ్చాక అమ్మ చెప్పులైనా విప్పకుండా మొదలుపెట్టింది.

"ఏటే ఆ చదువు? అందరి ముందూ పరువు తీసేశావు కదే. సైకిలు సైకిలు అని తెలుగు కాస్తా మరిచిపోయావు."

"మరిచిపోలేదు. అక్షరాలు కదుల్తున్నాయి."

"అక్షరాలెక్కడికి పోతాయే? వాటికేమైనా కాళ్ళున్నాయా?"

అయినా మర్నాడు అమ్మ కొట్టు మూసి నన్ను బజార్లో కళ్ళజోళ్ళ షాపుకి తీసుకెళ్ళింది, అన్యాయంగా మాట్లాడకూడదు. షాపు భయ్యా ఒక కన్ను మూయించి, తర్వాత రెండో కన్ను మూయించి, గోడ మీది అక్షరాలు చదవమన్నాడు. అట్టడుగు వరుస దాకా గడగడా చదివేశాను. "దీదీ, ఇస్‌కీ ఆంఖే తో ఏక్‌దమ్ ఫస్ట్ క్లాస్" అన్నాడు. అమ్మ నా వైపు చూసిన చూపుకి ఒళ్ళు మండింది. కానీ నేను మాత్రం ఏమనుకోను? స్కాన్ బాగుంది. కళ్ళు బాగున్నాయి. ఇక బాగోలేనిది నా తెలుగే అయ్యుండాలి.

బడి పుస్తకాలు ముందేసుకుంటే ఇంకా అయోమయం. హిందీ అక్షరాలకి పైన గీత ఉంటుంది కదా, బట్టలారేసిన తాడులాగా, దాన్ని పట్టుకుని ఎలాగో లాక్కొచ్చేదాన్ని. ఇంగ్లీషు సగం చూసి సగం ఊహించేదాన్ని. తెలుగు దగ్గరకొచ్చేసరికి పైన గుళ్ళూ కింద ఒత్తులూ కలిసిపోయి ఏదీ దారికొచ్చేది కాదు. అరగంట పట్టుగా చూస్తే ఓడలో కింది డెక్కులో కూర్చున్నట్టు కడుపులో తిప్పేది. నేనే తెలుగుని మరిచిపోతున్నానని, మరిచిపోతే ఇలాగే ఉంటుంది కాబోలని, నిజంగానే నమ్మాను. ఇప్పుడు చెబితే నవ్వుతారు. అప్పుడు నాకు ఏడుపొచ్చేది.

అమ్మ ఊరుకునే మనిషి కాదు. మా చర్చిలోనే రిటైరైన టీచరమ్మ గారుంటే ఆవిడ దగ్గర తెలుగు ట్యూషన్ పెట్టింది. కళ్ళ డాక్టరుకి చూపించాల్సిన పిల్లని ఒకటో తరగతి వాచకం ముందు కూర్చోబెట్టారు. అందులో ఒక్కో అక్షరం నిమ్మకాయంత. అవన్నీ ఎక్కడివక్కడే నిలబడ్డాయి. ట్రాక్ మీద అబ్బాయిల్ని కూడా దాటేసే నేను "ఉడుత" అని చదివి శభాష్ అనిపించుకున్నాను. "చదువెక్కడికీ పోలేదమ్మా, అలవాటు తప్పింది, అంతే" అని టీచరమ్మ గారు అమ్మకి చెప్పారు. అమ్మ తేలికపడింది. నేనూ తేలికపడ్డాను, అదే విచిత్రం.

ట్రాక్ మీద కూడా ఏదో తేడా ఉండేది, ముఖ్యంగా ముందున్న సైకిల్‌కి అంటుకుని తొక్కేటప్పుడు. సార్‌కి చెబితే పక్కన కూర్చోబెడతారు. చెప్పలేదు.

చర్చి సంగతికి మాత్రం ఒక ఉపాయం కనిపెట్టాను. ఏ ఆదివారం ఏం చదవాలో ముందే కాగితం ఇస్తారు. ఆ భాగాన్ని అమ్మ ఫోన్లో పెట్టుకుని విని కంఠస్థం చేసేదాన్ని. పుస్తకం తెరిచి, తల దించి, పేజీ మీద వేలు జరుపుతూ అప్పజెప్పేసేదాన్ని. రెండు ఆదివారాలు గడిచాయి. ట్యూషన్ మహిమని అందరూ మెచ్చుకున్నారు.

సెలెక్షన్ ఇంకా పది రోజులుందనగా మూడో వంతు వచ్చింది. ఆ రోజు ముందు వరుసలో ఒక జంట తమ పసిబిడ్డని దీవెన కోసం తెచ్చుకుని కూర్చున్నారు. నేను లేచి ముందుకు నడుస్తుంటే పాస్టర్ గారు, "ఇవాళ బిడ్డ కోసం వేరే భాగం పెట్టామమ్మా, గుర్తు పెట్టి ఉంచాను, అదే చదువు" అన్నారు. పుస్తకం తెరిచాను. ఎర్ర రిబ్బను రెండుగా కనిపించింది. దాని పక్కన వరుసలన్నీ ఒకదాని మీద ఒకటి. చదవలేనని చెప్పొచ్చు. అలా చెప్పాలని తోచనే లేదు. నోరు దానంతటది తెరుచుకుని, నేను వారమంతా కంఠస్థం చేసింది అప్పజెప్పడం మొదలుపెట్టింది. అది యుద్ధంలో సర్వం పోగొట్టుకున్నవాళ్ళ శోకం. హాలంతా పేజీలు తిప్పుతున్న చప్పుడు. బిడ్డ తల్లి బిడ్డని ఎదకి హత్తుకుంది. నేను ఆపలేదు, ఎక్కడ ఆపాలో తెలియక చివరిదాకా చెప్పి వచ్చి కూర్చున్నాను.

ఆరాధన అయ్యాక అమ్మ నా జబ్బ పట్టుకుని వెనక చెప్పులు విప్పుకునే చోటుకి లాక్కెళ్ళింది.

"నవ్వులాటగా ఉందేటే నీకు? పసిగుడ్డు ముందు ఆ ఏడుపు చదువుతావా?"

"చదవలేదమ్మా. బట్టీ పట్టింది చెప్పాను. చదవలేను."

"షాపులో అన్నీ చదివావు కదే."

"ఒక్కో అక్షరం కనిపిస్తుంది. వరుస కనిపించదు."

"మరి నేను కనపడతన్నానా?"

"కనపడుతున్నావు. ఇద్దరు."

అమ్మ నా జబ్బ వదిలేసింది. ఒక అడుగు వెనక్కి వేసింది. "ఇప్పుడు?" అంది. ఇద్దరే. ఇంకో అడుగు. ఇద్దరూ కొంచెం దగ్గరయ్యారు. ఇంకో అడుగు వేసేసరికి వెనకున్న గోడ తగిలింది. "ఇప్పుడు ఒక్కదానివే" అన్నాను. అమ్మ తన కాళ్ళ దగ్గర్నుంచి నా కాళ్ళ దాకా నేలని కళ్ళతో కొలిచింది. నా రేసు ఒక్కటి కూడా చూడని మనిషి, ఇన్నాళ్ళూ మా సార్ కూడా అడగని ప్రశ్న అడిగింది.

"నీ ముందెళ్ళే పిల్ల చక్రం నీకెంత దూరంలో ఉంటాది?"

చేయి చాపి చూపించాను. అమ్మ నిలబడ్డ చోటికి సగం కూడా లేదు.

"అయితే రెండు చక్రాలు కనపడతాయి. ఏ చక్రాన్ని చూసి తొక్కుతున్నావే?"

"ఎడమ పక్కది."

"ఎడమదే ఎందుకు?"

"ఊరికే."

అమ్మ అక్కడే, చర్చి వెనకే, సార్‌కి ఫోన్ చేసింది. హిందీలో మొదలుపెట్టి తెలుగులోకి దిగిపోయి మళ్ళీ హిందీలోకి వెళ్ళింది. సెలెక్షన్‌కి పంపనని చెప్పింది. నేను అరిచాను, చెప్పులు విసిరాను, నా జీవితం నాశనం చేశావన్నాను. వారం రోజులు ఆవిడతో మాట్లాడలేదు.

ఆ వారంలోనే ఆస్పత్రిలో కళ్ళ డాక్టరమ్మ చూసింది. గోడ మీది అక్షరాల జోలికే పోలేదు. ఒక పెన్ను నా ముక్కు వైపు మెల్లగా తెస్తూ, రెండుగా కనబడగానే చెప్పమంది. చెప్పాను. "మీరూ ఇటొచ్చి చూడండి" అని అమ్మని పక్కన నిలబెట్టుకుని మళ్ళీ తెచ్చింది. అమ్మ నోటి మీద చేయి పెట్టుకుంది. పెన్ను దగ్గరికొచ్చేసరికి నా కుడి కన్ను పక్కకి జారిపోతోందట. ఏ కన్నుకాకన్ను బాగానే ఉంది, రెండూ కలిసి దగ్గర వస్తువు మీదికి తిరగాల్సిన పనే దెబ్బకి చెదిరింది, తలకి దెబ్బ తగిలిన ఆటగాళ్ళలో ఇది చూస్తూనే ఉంటామంది డాక్టరమ్మ. రోజూ చేయాల్సిన పెన్సిల్ కసరత్తు నేర్పింది. తాను చెప్పేదాకా సైకిల్ ఎక్కొద్దంది. ఎన్నాళ్ళని అడిగితే, చెప్పలేనంది. స్కాన్ తీసినవాళ్ళు బాగుందన్నారు, షాపులో బాగుందన్నారు, ఈవిడ బాగోలేదని చెప్పి ఎప్పటికి బాగవుతుందో చెప్పనంటోంది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా అర్థం కాలేదు.

సెలెక్షన్ రోజు పొద్దున అమ్మ కొట్టు తెరవలేదు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఎదురుగా మరో కుర్చీ లాక్కుని పెన్సిల్ పట్టుకుంది. పెన్సిల్ ముక్కు దాకా వచ్చినా, కసి కొద్దీ "ఒకటే" అన్నాను.

"అబద్ధం. నీ కుడి కన్ను పక్కకెళ్ళింది. నాకు కనపడతంది."

మళ్ళీ పట్టుకుంది. ఈసారి నిజం చెప్పాను. పదిసార్లయ్యాక అమ్మ పెన్సిల్ ఒళ్ళో పెట్టుకుంది. నా మొహం వైపు కాకుండా దాని మొన వైపు చూస్తూ అడిగింది.

"ఇన్నాళ్ళూ నేను తిట్టినప్పుడల్లా నీకు ఇద్దరం కనపడ్డామా?"

"దగ్గరికొచ్చి తిడితే."

"దగ్గరికి రాకుండా ఎప్పుడు తిట్టానే. ఎవర్ని చూసేదానివి మరి?"

"తెలీదమ్మా. ఇద్దరూ తిడుతూనే ఉండేవారు."

అమ్మ ముందు నవ్వింది. తర్వాత కొంగుతో మొహం కప్పుకుంది, భుజాలు కదిలాయి. నేను కుర్చీ దగ్గరికి జరుపుకుని, కళ్ళు రెండూ మూసుకుని, ఆవిడ మోకాళ్ళ మీద తల పెట్టాను. ఆపాటికి స్టేడియంలో సెలెక్షన్ సగం అయిపోయి ఉంటుంది. ఆ సంగతి నాకు మధ్యాహ్నం దాకా గుర్తే రాలేదు.