తార్నాక బడిలో మిశ్రమాల వేట

చీర కట్టుకుని చేతిలో సుద్దముక్క పట్టుకుంటే టీచరైపోతామని నేను గట్టిగా నమ్మిన రోజులవి. యూనివర్సిటీ క్యాంపస్‌లో బీఈడీ చదువుతున్నాను. నెల రోజుల శిక్షణకని నన్ను తార్నాకలోని ఒక చిన్న బడికి పంపారు. తొమ్మిదో తరగతి, రసాయనశాస్త్రం. పొద్దున్నే మల్కాజ్‌గిరిలో బస్సెక్కి, నిలబడే పాఠం నెమరేసుకుంటూ (మంత్రం జపిస్తున్నాననుకుని ఒకావిడ లేచి సీటు కూడా ఇచ్చింది) బడికి చేరేదాన్ని. మొదటి వారం మూలకం, సమ్మేళనం, మిశ్రమం అనే మూడింటి నిర్వచనాలూ బోర్డు నిండా రాసి, కింద ముచ్చటగా గీతలు గీసి, "అర్థమైందా?" అని అడిగాను. "అయింది టీచర్" అని క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది. "అయితే మిశ్రమానికి ఒక ఉదాహరణ చెప్పండి." అందరూ పుస్తకాల్లోకి తలలు దూర్చారు. చివరికి ఒకడు లేచి, "బోర్డు మీద ఉన్నది టీచర్" అన్నాడు.

ఆ రాత నాది, ఆ ఓటమీ నాదే. పైగా శుక్రవారం మా కాలేజీ నుంచి పాఠం చూడటానికి పరిశీలకుడు, మేం ఎర్రపెన్ను సారు అని పిలుచుకునే ఆయన, వస్తున్నారు. ఆయన పెదవి విరిస్తే ఈ శిక్షణంతా మళ్లీ మొదటి నుంచి. "ఒక చార్టు ఏలాడదీసి ఎట్లనో గట్టెక్కరాదే" అంది హాస్టల్లో ఉండే నా స్నేహితురాలు. నాకు మాత్రం పంతం పట్టుకుంది. మళ్లీ నెల చేయాల్సొస్తే చేస్తాను గానీ, ఆ పిల్లల చేత ఉదాహరణ చెప్పించకుండా ఆ బడి వదలను అనుకున్నాను. శుక్రవారం పిల్లల్ని నాలుగు జట్లు చేసి చీటీలు పంచాను. ఒక మూలకం, ఒక సమ్మేళనం, ఒక మిశ్రమం వెతికి తేవాలి. తెచ్చినది ఏదో, ఎందుకో చెప్పాలి. క్లాసు గది, ముందున్న వరండా, అంతే హద్దు. (వరండా అనే మాట నా నోట ఎందుకు వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.)

తర్వాతి పది నిమిషాలూ క్లాసు సంతలా తయారైంది. ఒకమ్మాయి కాలి పట్టీ విప్పి "వెండి, మూలకం" అంటూ నా ముఖం ముందు ఆడించింది. ఒకడు ఉప్పు పొట్లం తెచ్చాడు, అది సమ్మేళనం. మరొకడు ఖాళీ టిఫిన్ డబ్బా నా బల్ల మీద పెట్టాడు. "ఇందులో ఏముందిరా?" అంటే, "గాలి టీచర్. మూత తియ్యకుర్రి, మిశ్రమం పోతది" అన్నాడు. నాకు గాల్లో తేలినట్టయింది. చివరి బెంచీలో ఎర్రపెన్ను సారు మాత్రం ఏదో రాస్తూనే ఉన్నారు. అప్పుడే వరండాలో అటెండర్ కేక వినిపించింది. "మేడం, గంట కనవడ్తలేదు! ఇప్పటిదాంక గీడనే ఉండె, ఎవ్వలు ఎత్కపోయిన్రో ఏందో!"

గంట కొట్టకపోతే ఆ బడిలో పీరియడు ముగియదు. పక్క క్లాసులో లెక్కల సారు ఇంకా లెక్కలు చేయిస్తూనే ఉన్నారు, పిల్లలు లోలోపల ఏడుస్తున్నారు. హెడ్మిస్ట్రెస్ పెద్ద మేడమ్ నేరుగా మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ఏమిటమ్మా ఈ గోల? గంట ఎవరు తీశారు?"  మూడో బెంచీలోంచి మాణికేశ్వర్ నగర్ నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచింది. హాజరు పిలిచినా చెయ్యెత్తడమే తప్ప నోరు విప్పే పిల్ల కాదు. చున్నీలో చంటిబిడ్డలా చుట్టిన గంటను బల్ల మీద పెట్టి, "మాది మిశ్రమం మేడం" అంది.

"మిశ్రమమా?"

"ఇది ఇత్తడి మేడం. మా నాయిన పాత సామాన్ల దుకాణంల పనిచేస్తడు. రాగి ఒక దిక్కు, ఇత్తడి ఒక దిక్కు ఏస్తడు. ఉత్త రాగి ఎర్రగుంటది. గిండ్ల జింకు కల్సింది, అందుకే పచ్చగున్నది." నా వైపు చూసి, "వరండదాంక పోవచ్చని టీచరే చెప్పింది" అని చేర్చింది. అందరి కళ్లూ నా మీదికి తిరిగాయి.

"తప్పు నాదే మేడమ్" అన్నాను. "కానీ పాఠం ఇంకా పూర్తి కాలేదు. అయిదు నిమిషాలు ఇవ్వండి." ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో గానీ, మేడమ్ నన్ను ఎగాదిగా చూసి, గంట చంకన పెట్టుకుని, గాజున్న చేతిని ముందుకు చాచింది. "సరే, అంత వచ్చినవాళ్లయితే ఇదేమిటో చెప్పండి." క్లాసంతా "బంగారం, మూలకం!" అని అరిచింది. మూడో బెంచీ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "ఉత్త బంగారం మెత్తగుంటది మేడం. గాజు చెయ్యాల్నంటే రాగి కల్పుతరు. మీదీ మిశ్రమమే." మేడమ్ ముఖం ఒక్క క్షణం ముడుచుకుంది. తర్వాత ఎవరూ ఎరగనంత పెద్దగా నవ్వింది. వెండి మూలకమన్న అమ్మాయి తన పట్టీని గబగబా కాలికి పెట్టేసుకుంది. ఆ నవ్వు విని లెక్కల సారు కూడా పరుగున వచ్చారు.

ఎర్రపెన్ను సారు నా పుస్తకంలో రెండే ముక్కలు రాశారు. "తరగతి అదుపులో లేదు. పాఠం అర్థమైంది." గట్టెక్కాను. "ఇకనుంచి చార్టు వాడమ్మా" అని ఆయన చెబితే బుద్ధిగా తలూపి, మరుసటి వారమే ఆమ్లాలకూ క్షారాలకూ ఇంకో వేట పెట్టాను (ఈసారి తలుపు గడియ వేసి).

ఇప్పుడు నేను పెద్ద క్లాసులకు చెబుతున్నాను. నేను లోపలికి వెళితే అందరూ లేచి నిలబడతారు, చెప్పింది చెప్పినట్టు రాసుకుంటారు, సూది కింద పడ్డా వినిపిస్తుంది. తోటివాళ్లు దాన్ని మెచ్చుకుంటారు కూడా. నేను మాత్రం ఒక్కోసారి వాక్యం మధ్యలో ఆగి, వంకరగా కట్టిన చీరలో, చెమట్లు కక్కుతూ, అయిదు నిమిషాల కోసం వాదించిన ఆనాటి ఆ పిల్ల టీచరమ్మను తలుచుకుంటాను. ఆమెకు పాఠం చెప్పడం సరిగా రాదు. అయినా ఆమె క్లాసులో ఓ మూల కూర్చోవాలనిపిస్తుంది.