బారెడు నల్ల టేపు

మా అమ్మాయి కిటికీ పక్కన కూర్చుని గోళ్లకు రంగు వేసుకుంటుంటే ఆ ఘాటు వాసన వంటింటిదాకా వచ్చింది. పోపు మాడుతున్నా నాకు తెలియలేదు, ఎందుకంటే అప్పటికే నేను మదనపల్లె బస్టాండు వెనక సందులో, టేపురికార్డర్లు బాగుచేసే అంగడి ముందు పదమూడేళ్ల పిల్లనై నిలబడి ఉన్నాను. తెగిన టేపును ఒకప్పుడు గోళ్ల రంగుతో అతికించేవాళ్లంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వుకోనీ.

తొంభైల నడుమ మేము పుంగనూరులో ఉండేవాళ్లం. నాయనది నూనెమిల్లు, చెనక్కాయల కాలం వచ్చిందంటే మా పక్కబట్టలు, పుస్తకాలు, చివరికి తాగే నీళ్లు కూడా నూనెచెక్క వాసనే వేసేవి. అరుగు మీద అచ్చనగాయలు ఆడి ఆడి అరచేతులు ఎర్రబడేవి, దసరాకు అమ్మ పెనం మీంచి తీసే ఓళిగల కోసం నెయ్యి గిన్నె పట్టుకుని పొయ్యి దగ్గరే కాపలా కాసేదాన్ని. నాయన తల్లి, మా అవ్వకు, వక్కాకు నములుతూ రోజుకు ఒక్కరినైనా తిట్టకపోతే అన్నం అరిగేది కాదు. మా పక్క వాటాలో శారదమ్మ టీచరు అద్దెకుండేది. కుప్పం ఆమె, హైస్కూల్లో లెక్కలు చెప్పేది. సాయంత్రమైతే ఆమె ఇంట్లోంచి పియానో వినిపించేది: నాలుగు స్వరాలు, మళ్లీ అవే నాలుగు, మళ్లీ అవే. అవ్వకు ఓపిక నశించింది.

"ఏమ్మే, ఆయమ్మ టేపు ఇరుక్కోనుండాది. పోయి సెప్పిరా పో."

పోయి చెప్పాను. టీచరు నవ్వలేదు, కసరలేదు. "ఇరుక్కోలేదు పాపా. కూర్చో. ముందర విసుగొస్తాది. అది పోయేదాకా కూర్చో" అంది. మొదటి రోజు ఐదు నిమిషాలకే లేచి పరుగెత్తాను. రెండో రోజు దీపాలు పెట్టేదాకా ఉన్నాను. వారం తిరిగేసరికి ఆ నాలుగు స్వరాలూ ఒక్కలా లేవని తెలిసింది: మూడోది ప్రతిసారీ ఇంకాస్త ఆలస్యంగా వస్తోంది, బడికి పోనని కాళ్లీడ్చే పిల్లలాగా. ఆ తర్వాత పియానో పూర్తిగా ఆగిపోయేది. అర నిమిషం ఏమీ ఉండదు. ఏమీ లేదంటే అబద్ధం. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, ఎక్కడో ఆటో హారను, కుర్చీ కిర్రుమనడం, వాయించేవాడి ఊపిరి. ఆ వాయించేవాడు టీచరు తమ్ముడు ముకుంద. బెంగళూరులో పియానో నేర్చుకుని, ఇలాంటి వింత సంగీతం తానే కట్టి, తానే రికార్డు చేసుకున్నాడు. కిందటేడు కామెర్లతో పోయాడు. ఉన్నది ఆ ఒక్క క్యాసెట్టే, నకలు లేదు. కొడుకు వాయిస్తే ఒక్కసారి కూడా వినని తల్లికి, సంవత్సరీకం నాడు కుప్పంలో దాన్ని వినిపించాలని టీచరు కోరిక.

దసరా సెలవుల్లో ఆమె రెండు రోజులు పేపర్లు దిద్దడానికి చిత్తూరు పోతుంటే, క్యాసెట్టు నాకిచ్చి పొమ్మని కాళ్లావేళ్లా పడ్డాను. ఆమె "సోమవారం ఎనిమిది బస్సుకు కుప్పం పోవాల. దానికి ముందర నా చేతిలో ఉండాల" అని ఇచ్చింది.

శనివారం పొద్దున మా టేపురికార్డరు దాన్ని నమిలేసింది. మూత తీస్తే పేగుల్లా బయటికొచ్చింది నల్ల టేపు. నాయనకు తెలిస్తే తోలు వలుస్తాడు. చివరికి అవ్వ దగ్గరే ఏడ్చాను. తిడుతూనే చీర మార్చుకుని, తిడుతూనే నన్ను మదనపల్లె బస్సెక్కించింది. మెకానిక్ వెంకటరమణప్ప చూసి, రేపు రమ్మన్నాడు. ఆ రాత్రి నా వంతు ఓళిగలు గిన్నెలోనే ఉండిపోయాయి.

ఆదివారం పోతే మనిషి వెలిగిపోతున్నాడు. "అతికించినా పాపా. నడమద్దెన శానా ఖాళీ ఉండె, పాటే లేదు, ఉత్త బుస్సు. అదంతా కత్తిరించి తీసేసినా. ఇప్పుడు ఆగకుండా వస్తాది సూడు" అని మీట నొక్కాడు. నాలుగు స్వరాలు, వెంటనే నాలుగు, వెంటనే నాలుగు. ఊపిరాడనట్టు. కుర్చీ లేదు, ఫ్యాను లేదు, మనిషి లేడు.

"ఆ ముక్కలు యాడుండాయి?"

"మా బామ్మర్ది పొద్దున్నే బి.కొత్తకోటకు ఎత్తకపాయ. సజ్జసేనికి కట్టేదానికి."

అప్పట్లో పాడైన టేపును పుల్లల మధ్య లాగి కట్టేవాళ్లు. గాలికది రుయ్యిమంటుంటే పిచ్చుకలు కంకుల మీద వాలేవి కావు. మళ్లీ బస్సు. కిటికీలోంచి ఎండిన గుట్టలు వెనక్కి పోతుంటే అవ్వ ఒక్క మాటా తిట్టలేదు, దాంతో నాకింకా భయమేసింది. చేను దగ్గరికి పోయేసరికి టేపులన్నీ కట్టేసి ఉన్నాయి, చేనంతా ఒకటే మోత. వాటిలో గోధుమరంగువి వేరే క్యాసెట్లవి, నల్లవే మావి.

"కంకులు పాలు పట్టుండాయమ్మా, ఇప్పితే పిట్టలు గింజ మిగలనీవు" అన్నాడు చేను రైతు, వెంకటరమణప్ప బామ్మర్ది.

ఎవరికీ తల వంచని మా అవ్వ చేతులు జోడించింది. "సచ్చిపోయిన పిల్లోడిదప్పా అది. వాళ్లమ్మ వినాలప్పా."

అతను చేలోకి దిగాడు. చాలా ముక్కలు అప్పటికే మెలిపడి తెగిపోయాయి. బారెడు ముక్క ఒక్కటే బాగుంది. మళ్లీ మదనపల్లెకు తెస్తే వెంకటరమణప్ప, పాపం, తల కొట్టుకుంటూ గోళ్ల రంగుతో దాన్ని అతికించాడు, ఎక్కడిదో తెలియక మధ్యలో ఒకచోట.

సోమవారం బస్టాండులో టీచరుకు అంతా చెప్పేశాను. ఆమె క్యాసెట్టు అందుకుని సంచిలో పెట్టుకుంది. "బస్సెక్కు. మా అమ్మకు నువ్వే చెప్పాల" అంది. తోడొచ్చిన అవ్వ పోయిరమ్మన్నట్టు తల ఊపింది.

మరుసటి రోజు కార్యం ముగిశాక టీచరు వాళ్ల ముసలి తల్లి ముందు టేపురికార్డరు పెట్టారు. నేను ఏడుస్తూ చెప్పింది ఆమెకు ఎంత అర్థమైందో తెలియదు. స్వరాలు పరుగెడుతున్నాయి. ఆమె మొహంలో ఏమీ లేదు. కొడుకుదని ఓర్చుకుని వింటోంది, అంతే. ఇంతలో అతుకు వచ్చింది. బుస్సు. కుర్చీ కిర్రుమంది. ఎవరో చిన్నగా, రెండుసార్లు దగ్గారు.

ముసలమ్మ తటాలున లేచింది. "ఏమే శారదా, వాడు దగ్గుతాండాడు. ఇన్ని నీళ్లియ్యే వానికి!"

ఆమెకే తెలిసొచ్చి మెల్లగా కూర్చుంది. "మల్లా పెట్టు పాపా" అంది నాతో. వెనక్కి తిప్పి పెట్టాను. మళ్లీ అంది. మళ్లీ పెట్టాను. దీపాల వేళదాకా ఆ అర నిమిషమే విన్నాం. ప్రతిసారీ అదే దగ్గు, అయినా ఒక్కసారీ అదే కాదు. నాకు ఆ సంగీతం నిజంగా వంటబట్టింది ఆ సాయంత్రమే.

ముసలమ్మ పోయింది, అవ్వ పోయింది. మదనపల్లె సందులో ఇప్పుడు సెల్‌ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. సజ్జ వేసేవాళ్లే తగ్గిపోయారు. ఒకే స్వరాన్ని గంటసేపు వాయించేవాళ్లు, ఏమీ వాయించకుండా కూర్చునేవాళ్లు, ఏ దేశంవాళ్లయినా నా ఫోన్‌లోనే దొరుకుతున్నారు. వంట చేస్తూ, బట్టలు మడుస్తూ వింటాను, ఇంట్లోవాళ్లు ఫోను చెడిందా అంటారు. ముకుంద మాత్రం ఎక్కడా దొరకడు. అతని ఊపిరిలో బారెడు మిగిలింది, మిగతాదంతా నా మూలంగా సజ్జచేలో పోయింది. శారదమ్మ టీచరు ఆ తర్వాత రెండేళ్లు నాకు లెక్కలు చెప్పింది, ఇలాంటి క్యాసెట్లు ఎన్నో తెచ్చి పక్కన కూర్చోబెట్టుకుని వినిపించింది. ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేది.