మేస్త్రి జేబు

నా చిన్నప్పుడు మా కార్ఖానా కూలీల ఇళ్ళ లైన్లలో లాంతరు చిమ్నీలన్నీ వేస్టుతోనే తుడిచేవారు. వేస్టు అంటే మిల్లుల్లో మిగిలిపోయిన నూలుపోగుల ఉండ. యంత్రాల దగ్గర చేతికంటిన నూనె తుడుచుకోవడానికి కార్ఖానాలో ఇస్తారు. విశాఖపట్నం రేవు పక్కన ఓడలు మరమ్మతు చేసే షెడ్డులో మా పెదనాన్న మేస్త్రి. నన్ను పెంచింది ఆయనే. సాయంత్రం చేతులు తుడుచుకుని ఆ ఉండని ఖాకీ నిక్కరు జేబులో దోపుకునేవాడు, అది అలాగే ఇంటికి వచ్చేసేది. రెండు ఉండలు కలిపి, పైన పురికొస చుట్టి నాకు బంతి చేసిచ్చాడు. అది షెడ్డు సొత్తని ఆయనకీ తట్టలేదు, మాకూ తట్టలేదు.

ఆ రోజుల్లో కొత్త మేనేజరు వచ్చాడు. రెంచీలూ ఇత్తడి ముక్కలూ మాయమవుతున్నాయని గేటు దగ్గర తనిఖీ పెట్టించాడు. పని దిగి వచ్చే కూలీల క్యారేజీలు విప్పించేవారు, పంచెలు దులిపించేవారు. మేస్త్రులకీ గుమస్తాలకీ మాత్రం సలాం కొట్టి పంపేవారు. రోజూ దొంగని చూసినట్టు చూస్తే మనిషికి భయం పుట్టదు, పంతం పుడుతుంది. దొంగతనాలు తగ్గకపోగా పెరిగాయి. ఎవడు కావలివాడి కళ్ళు ఎలా కప్పాడన్నది అరుగుల మీద గొప్పగా చెప్పుకునే కథయింది. "ఇయ్యాల అన్నం కింద బోల్టులే బావా, కూరేటో నాకే తెల్దు" అని ఒకడంటే మిగతావాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వేవారు.

అలాంటి వాళ్ళెవరూ దొరకలేదు. దొరికింది మా పక్కింటి బావ. షెడ్డులో బరువులు మోసే కళాసీ, ఏనాడూ మేకు కూడా ముట్టనివాడు. పొయ్యి రాజేసుకోవడానికి మొలలో దోపుకున్న వేస్టు ఉండ బయటపడితే మేనేజరు అక్కడికక్కడే పనిలోంచి తీసేశాడు. పని పోతే లైన్లో ఇల్లూ ఖాళీ చెయ్యాలి. బావ పెళ్ళాం అక్కకప్పుడు నెలలు నిండుతున్నాయి.

బావ వచ్చి మా గుమ్మంలో కూలబడ్డాడు. "నాను దొంగనేటి మావా? నువ్వు సెప్పు" అన్నాడు. పెద్దమ్మ అప్పుడే చిమ్నీ తుడుస్తోంది. పెదనాన్న చూపు ఆమె చేతిలోని ఉండ మీద పడింది.

తెల్లారాక ఒక సంచీ తీసి ఇంట్లో ఉన్న వేస్టంతా అందులో వేశాడు. ఆఖరికి నా చేతిలోని బంతీ లాక్కున్నాడు. "గుంటడి బంతి కూడానా? నీకు మతి పోనాదేటి?" అని పెద్దమ్మ కేకలేసింది. ఆయన ఆగలేదు. నేను ఏడుస్తూ గేటు దాకా వెంటపడ్డాను. అందుకే అక్కడ జరిగింది నా కళ్ళతో చూశాను.

ఆయన కావలివాడి ముందు నిలబడి చేతులు పైకెత్తాడు. వాడు కంగారుపడి, "మీకెందుకు మేస్త్రిగారూ, మీరెల్లిపోండి" అన్నాడు. "ఆడి మొల సూసినావు కదా, నా సంచీ సూడు" అన్నాడు పెదనాన్న. ఈలోగా మేనేజరే వచ్చాడు. పెదనాన్న సంచీని అతని కాళ్ళ ముందు కుమ్మరించి, "ఇయ్యన్నీ నా జేబులో ఈ గేటు దాటినాయి బాబూ. నన్నెవులూ ఆపనేదు. ఆడు దొంగైతే నాను పెద్ద దొంగని. ఇద్దర్నీ తీసెయ్యండి, నేదా ఇద్దర్నీ ఉంచండి" అన్నాడు.

మేనేజరు మొహం జేవురించింది. విసవిసా ఆఫీసులోకి వెళ్ళిపోయాడు. ఎవరూ చెప్పకుండానే కూలీలు బయటే నిలబడిపోయారు. ఎండ ముదిరాక బావకి కబురొచ్చింది, పనిలోకి రమ్మని. పెదనాన్నని మాత్రం మేస్త్రి పనినుంచి దించి మళ్ళీ ఫిట్టరుని చేశారు. "తప్పు సేసినాను, దిగినాను. అంతే కదేటి" అన్నాడు పెద్దమ్మతో. బంతి సంగతి మళ్ళీ ఎత్తడానికి నాకు నోరు రాలేదు.

తనిఖీ ఎత్తెయ్యలేదు. కానీ అప్పట్నుంచి మేస్త్రులూ గుమస్తాలూ కూడా అదే వరసలో నిలబడాల్సి వచ్చింది. కొన్నాళ్ళకి షెడ్డు వెనక ఓ గోనెసంచీ కనబడింది, నిండా రెంచీలూ ఇత్తడి ముక్కలూ. పోయినవన్నీ రాలేదు. అయినా అన్నం కింద బోల్టుల కథ ఎవడైనా మొదలెడితే అరుగు మీద నవ్వు పుట్టడం మానేసింది. కూలీలు అంతకుముందున్న వాళ్ళే. వాళ్ళని ఎవరూ మార్చలేదు.

నా బడి చదువు అయిదో తరగతితో సరి. మిగతాది నా అంతట నేను చదువుకున్నదే. నాయకత్వం మీద లావుపాటి పుస్తకాలు తిరగేశాను. ఆ పుస్తకాలు చదివిన పెద్ద కంపెనీలవాళ్ళే నిజాయితీ మా ప్రాణమని గోడ మీద బోర్డు కట్టి, దాని కిందే కాంట్రాక్టు కూలీల సంచులు నేలమీద కుమ్మరిస్తారు. ఆ పక్కనుంచే అద్దం కూడా దించని ఆఫీసర్ల కార్లు దాటిపోతాయి. ఆ బోర్డు రాయించినవాడికి సిగ్గెందుకు లేదని ఈ వయసులోనూ నాకు ఒళ్ళు మండుతుంది. ఆటోనగర్లో నా చిన్న లేతు షెడ్డు నడిపినన్నాళ్ళూ, ముందు నా మెడకి తగిలించుకోని నియమం ఏదీ కుర్రాళ్ళకి పెట్టలేదు.

ఇప్పటికీ ఏదో ఒక గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి, "పెద్దాయనా, మీకేటి, ఎల్లిపోండి" అంటాడు. నా వెనక క్యారేజీ మూత తీసి పట్టుకుని ఎవరో ఒకరు నిలబడే ఉంటారు. నా కాళ్ళు కదలవు. చేతులు పైకెత్తి అక్కడే నిలబడతాను.