మా మనవరాలి ఇంగ్లీషులో పడవలు చేసే తాత

మా చిన్నప్పుడు... గూట్లో దీపం పెట్టగానే అరుగు మీద, బాపు అని పిలుచుకునే మా నాన్న ఎదుట చేతులు కట్టుకుని నిలబడి, ఆనాటి పద్యాన్ని అప్పజెప్పవలసి ఉండేది. పాదం తప్పితే క్షమించేవారు గానీ, అనుభవం లేని మాట పలికితే వారి కనుబొమ్మ ఒకటి మెల్లగా పైకి లేచేది...

ఒకనాడు సముద్రాన్ని వర్ణించమన్నారు. చదివిన కావ్యాల్లోని తరంగాలు, తిమింగిలాలు, ముత్యాలు, నురుగులు అన్నీ ఏకరువు పెట్టాను.

"సముద్రం ఎప్పుడు చూసినవ్‌రా?"

"చూడలే బాపూ..."

"పెరట్ల బాయి రోజూ చూస్తవ్ గద. దాని గురించి చెప్పు."

గిలక చప్పుడు, చేద, రాళ్ల సందుల్లోని నాచు... అన్నీ కళ్లముందే ఉన్నాయి. నోట మాట రాలేదు. "అన్నీ అరువు మాటలే" అని లేచి వెళ్లిపోయారు. నాటి నుంచి ఎవరు ధారాళంగా మాట్లాడినా నాకు అనుమానమే...

ఆ అనుమానంతోనే ఒమాన్ వచ్చాను. మా అబ్బాయి ఇక్కడ సమాయిల్ అనే ఊళ్లో ఒక కంపెనీ గోదాము చూసుకుంటాడు. మనవరాలు శ్రావ్య ఇంటర్ దాకా ఊళ్లో నా దగ్గరే తెలుగు మాధ్యమంలో చదివి, నాతోపాటే వచ్చింది. ఇక్కడి కాలేజీలో చేరాలంటే ముందు ఇంగ్లీషు పరీక్ష నెగ్గాలి. తప్పితే ఏడాది వృథా. అందుకని పొద్దస్తమానం ఇంగ్లీషు తప్ప మరొకటి వినిపించని శిక్షణ తరగతులకు పంపారు. ఆ తరగతుల మీద మొదటినుంచీ నాకు గురి కుదరలేదు. కొద్ది వారాల్లో నాలుకకు పట్టే భాష మనసుకు పడుతుందా?...

ఒక మధ్యాహ్నం తలుపు అవతల శ్రావ్య పరీక్షలో మాట్లాడాల్సింది వల్లిస్తూ, తన తాతను గురించి ఇంగ్లీషులో చెబుతోంది. చెవి ఒగ్గాను. ఆ తాత కడలి ఒడ్డున పడవలు చేస్తాడట... ఆయన చేతులకు చేపనూనె వాసనట... ఆమెకు ఈత కూడా నేర్పాడట!

నాకు ఈత రాదు. సుత్తి పట్టడం అంతకన్నా రాదు.

ఒక్క తడబాటు లేదు. అందుకే నా పాత అనుమానం మళ్లీ లేచింది. పద్యాలు చదువుకునే తాతను నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గయిందా?...

"ఎవరు బిడ్డా, ఆ పడవల తాత?"

నాలుక కరుచుకుంది. "సల్మా వాళ్ల తాత. నా పక్కన కూసుంటది గద, సముద్రం ఒడ్డు ఊరు ఖబూరా పిల్ల... క్లాసుల సగం మందిమి ఆయన్నే చెప్తున్నం."

"పరీక్ష పెట్టేటాయనకు అనుమానం రాదా?"

"ఒమాన్ నిండ పడవల తాతలే ఉన్నరనుకుంటడు తియ్యి!"

నాకు నవ్వు రాలేదు. "నీకు తాత లేడా?"

"ఉన్నడు. కానీ పడవ, చెక్క, మొల అంటే మాటలు దొరుకుతయ్. నువ్వు పొద్దుగాల చదివేదాన్ని ఇంగ్లీషుల ఏమంటరు తాతా? నువ్వే చెప్పు."

ఒక్క పదానికి పది పర్యాయపదాలు చెప్పగల నాకు ఒక్కటీ తోచలేదు. "ఒక్కసారి నా ముంగట నా గురించే చెప్పు" అన్నాను.

"మై గ్రాండ్‌ఫాదర్..." అని నా ముఖంలోకి చూసింది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. బాపు ఎదుట బావిని తలచుకుంటూ నేను నిలబడిన తీరే అది...

మర్నాడే పరీక్ష. తిరిగి రాగానే అడిగాను, "ఏ తాతను చెప్పినవ్?"

"పాసయితే చాలదా తాతా?" అని నవ్వి లోపలికి పోయింది.

నెగ్గింది. సీటూ వచ్చింది. ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు, నేనూ పడ్డాను. కానీ గట్టెక్కించింది నేనో, ఆ ఖబూరా పెద్దాయనో ఇప్పటికీ చెప్పదు. అడిగినప్పుడల్లా అదే నవ్వు...

ఆ రోజుల్లో మాటలు మాత్రమే అరువు తెచ్చుకునేవాళ్లం. బాపు కనుబొమ్మ ఇట్టే పట్టేసేది. ఇప్పుడు తాతలనే అరువు తెచ్చుకుంటున్నారు. నా కనుబొమ్మకు అంతటి శక్తి లేదు.

మీ పిల్లల ఇంగ్లీషులో మీరు ఏ పని చేస్తుంటారు?... ఒకసారి తలుపు ఇవతల నిలబడి విని, నాకూ చెప్పండి.