మూడో కోన్ దగ్గర

మా అమ్మాయి చదివిన బడిని నేను రెండేళ్లపాటు కారు అద్దంలోంచే చూశాను. ఇక్కడ పిల్లల్ని బడికి దించడమంటే చేయి పట్టుకుని గేటు దాకా నడిపించడం కాదు. కార్లన్నీ ఒక వరసలో నత్తనడక నడుస్తూ వచ్చి, ఐదేసి చొప్పున నారింజ రంగు కోన్‌ల దగ్గర ఆగుతాయి. ఒక్కో కోన్ దగ్గర బడిలోని పై తరగతి పిల్లల్లో ఒకరు, భుజం మీంచి నడుము దాకా మెరిసే ఆకుపచ్చ బెల్టు వేసుకుని నిలబడతారు. వెనక తలుపు తీసి, చిన్నపిల్లల్ని దింపి, మళ్లీ తలుపు వేస్తారు. వాళ్లని సేఫ్టీ పెట్రోల్ అంటారు. పెద్దవాళ్లు కారు దిగకూడదు. దిగితే వెనకున్న ఇరవై కార్ల వాళ్లూ పైకి నవ్వుతూ లోపల తిట్టుకుంటారు.

తలుపు తీసినప్పుడు ఆ పిల్లలు "గుడ్ మార్నింగ్! హ్యావ్ ఎ గ్రేట్ డే!" అనాలి. అది వాళ్ల డ్యూటీ. ఆ మాట వెనక సీట్లో ఉన్న మా అమ్మాయికే గానీ నాకు కాదని తెలుసు. అయినా అదింకా నోరు విప్పకముందే నేను "థాంక్యూ" అనేసేదాన్ని.

నవ్వుకుంటే నవ్వుకోండి. ఈ దేశంలో నోవై అనే ఈ ఊరికి వచ్చాక పొద్దుటిపూట నా చెవిన పడే మంచి మాట అదొక్కటే. పెళ్లికి ముందు తెనాలిలో జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పినదాన్ని. రోజుకి ఐదు క్లాసులు. సాయంత్రానికి గొంతు బొంగురుపోయేది. మా అమ్మ మిరియాల పాలు చేతికిచ్చి, "ఆ నోటికి కాస్త విశ్రాంతి ఇవ్వవే తల్లీ" అనేది. ఆవిడ మాట ఈ రకంగా ఫలిస్తుందని ఆవిడా అనుకోలేదు, నేనూ అనుకోలేదు. ఇక్కడ నాది ఉద్యోగం చేయడానికి వీల్లేని వీసా. మా ఆయన మాటలన్నీ ఆఫీసు కాల్స్‌కే ఖర్చయిపోతే ఇంటికి "ఊఁ" ఒక్కటి మిగిలేది. అపార్ట్‌మెంట్లలో మనవాళ్లు లేక కాదు. అందరూ ఉద్యోగాలకి వెళ్లేవాళ్లు. శనివారం పుట్టినరోజు పార్టీలో కలిసి "తప్పకుండా కాల్ చేస్తానండీ" అనేవాళ్లు, మళ్లీ పుట్టినరోజు దాకా చేసేవాళ్లు కాదు. ఇండియాకి ఫోన్ చేస్తే ఇవాళ ఏం కూర అని అడుగుతారు. కూర పేరు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

మా అమ్మాయి మొదటి ఏడాది ఏ క్లబ్బులోనూ చేరలేదు. చెస్ క్లబ్, తోట క్లబ్, పొద్దున్నే మైకులో వార్తలు చదివే క్లబ్ అంటూ ఇంటికొచ్చిన కాగితాన్ని ఫ్రిజ్‌కి అంటించుకుని, చూసి చూసి గడువు దాటబెట్టింది. ఆ బిడియం నా పోలిక కాదు, వాళ్ల నాన్నది. పై తరగతికి వచ్చాక మాత్రం తనంతట తనే పెట్రోల్‌కి అప్లై చేసింది. ఎందుకు చేరాలనుకుంటున్నారో అరపేజీ రాయాలి. "నేను ఏ వస్తువూ మర్చిపోను. నా వల్ల ఎవరికీ ఆలస్యం అవదు" అని ఇంగ్లీషులో రాసి చూపించింది. అబద్ధమేమీ కాదు. ముందురోజే నీళ్ల బాటిల్ నింపి బ్యాగులో సర్దుకునే పిల్ల.

"నాకు కెప్టెన్ అవ్వాలని ఉంది అమ్మా. కెప్టెన్‌కి బ్లూ బ్యాడ్జ్ ఇస్తారు. డోర్ దగ్గర నిలబడి అందరి పోస్ట్‌లూ తనే డిసైడ్ చేస్తుంది," అంది. చలికాలం సెలవుల తర్వాత ఒక్కరినే ఎంచుకుంటారట. మా అమ్మాయి ఏదైనా ఒకటి కావాలని నోరు తెరిచి చెప్పడం నేను వినడం అదే మొదలు.

బెల్టు వచ్చింది. మూడో కోన్ ఇచ్చారు. దానికి బెల్టు రావడంతో నాకు ఆ పొద్దుటి పలకరింపు పోయింది. పెట్రోల్ పిల్లలు వరస మొదలవకముందే బడిలో ఉండాలి కాబట్టి పక్క గుమ్మం దగ్గర దించేసి వచ్చేయాలి. అక్కడ తలుపు తీసేవాళ్లుండరు, పలకరించేవాళ్లూ ఉండరు.

మొదటిసారి నిజంగానే బాటిల్ బ్యాగులోంచి జారి సీటు కిందకి దొర్లింది. సిగ్నల్ దగ్గర చప్పుడైతే చూసుకుని వెనక్కి తిప్పాను. అప్పటికే వరస మొదలైంది. నా కారు సరిగ్గా మూడో కోన్ దగ్గర ఆగింది. తలుపు తెరుచుకుంది. "గుడ్ మార్నింగ్! హ్యావ్ ఎ..." అని, ఖాళీ సీటు చూసి, "అమ్మా!" అని నవ్వేసింది. బాటిల్ ఇచ్చాను. ఆ రోజంతా నాకు ఎంత బాగుందో చెప్పలేను. బెండకాయ వేపుడు కూడా కుదిరింది.

మర్నాడు వంటింట్లో దాని బ్యాగులోంచి లైబ్రరీ పుస్తకం నేనే తీసి దాచాను. ఇది రాయడానికి ఇప్పటికీ నాకు చేయి రావడం లేదు. తర్వాత లంచ్ బ్యాగ్, ఆ తర్వాత చేతి తొడుగులు, మంచు పడడం మొదలయ్యాక బూట్లు. రోజూ కాదు గానీ వారానికి రెండుసార్లు, ఒక్కో వారం మూడు. లెక్కల టీచర్ని కదా, నా కారు మూడో కోన్ దగ్గరే ఆగేలా ముందున్న కార్లు లెక్కపెట్టుకునేదాన్ని. లెక్క తప్పేలా ఉంటే పక్క సందులోంచి వచ్చే వ్యాన్‌కి దారిచ్చి ముందుకి పంపేదాన్ని. వాళ్లు చేయి ఊపేవాళ్లు. అది కొసరు.

పిల్ల మొహంలో నవ్వు తగ్గుతూ వచ్చింది. నేను చూడలేదంటే అబద్ధం. చలికి అలా ఉందిలే అనుకున్నాను, అలా అనుకోవడం సులువు కాబట్టి.

సెలవులకి ముందు తల్లిదండ్రుల్ని టీచర్‌తో మాట్లాడడానికి పిలిచారు. దాని క్లాస్ టీచరే పెట్రోల్ కూడా చూసేది. నేనూ మా అమ్మాయీ చిన్న కుర్చీల్లో పక్కపక్కన కూర్చున్నాం. లెక్కల్లో బంగారమంది, పెట్రోల్‌లో అందరికంటే ముందొస్తుందంది. కెప్టెన్‌గా ఈ పిల్లనే అనుకున్నాను అని కూడా అంది. "కానీ దాదాపు ప్రతివారం ఏదో ఒకటి ఇంట్లో మర్చిపోతోంది. పాపం మీరు మళ్లీ రావాల్సి వస్తోంది. కెప్టెన్ పదిమంది బాధ్యత చూసుకోవాలి కదా. అందుకని ఇంకొకరిని తీసుకుంటున్నాను. ఏమీ అనుకోకండి," అంది.

మా అమ్మాయి తన బూట్లకేసి చూస్తోంది. నేను ఒక్క వాక్యం చెబితే చాలు. తప్పు దానిది కాదండీ, నాది అంటే సరిపోయేది. అరవైమంది పిల్లల ముందు గంటలు గంటలు మాట్లాడిన మనిషిని, నోట్లో నాలుక లేనట్టు కూర్చున్నాను. పైగా తల ఊపాను.

కారులో కూర్చున్నాక స్టార్ట్ చేయలేకపోయాను. "అవన్నీ నేనే తీసి పెట్టేదాన్ని నాన్నా," అన్నాను.

"ఐ నో," అంది కిటికీలోంచి చూస్తూ.

"ఎప్పట్నించి?"

"లైబ్రరీ బుక్ నించి. నేనే ప్యాక్ చేశా కదా."

"మరి టీచర్‌కి చెప్పలేదేం?"

"నేను మర్చిపోయా అని చెప్పా. ఎవ్రీ టైమ్." నా వైపు తిరిగింది. కళ్లలో నీళ్లు, గొంతులో కోపం. "ఇంకేం చెప్పాలి? మా మామ్‌కి ఫ్రెండ్స్ లేరు, అందుకే వస్తుంది అని చెప్పాలా?"

ఇప్పుడే లోపలికి వెళ్లి చెప్పేస్తానని తలుపు మీద చేయి వేశాను. "వద్దు. ప్లీజ్ అమ్మా. అప్పుడు అందరికీ తెలిసిపోతుంది," అంది. చేయి తీసేశాను. సెలవుల్లో టీచర్‌కి ఈమెయిల్ రాసి పెట్టుకున్నాను కానీ పంపలేదు. అది పిల్ల మాట వినడమో, నా పిరికితనమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. నేను పారేసింది ఒక నీలం బ్యాడ్జీని కాదు. పిల్ల పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు తెరిచి అడిగినదాన్ని నా ఒంటరితనానికి మేతగా వేశాను.

సెలవులయ్యాక బ్యాడ్జీ ఇంకో అమ్మాయికి ఇచ్చారు. ఆ పొద్దున పక్క గుమ్మం దగ్గర కారు ఆపాను. మా అమ్మాయి సీట్లోనే బ్యాగు తెరిచి బాటిల్, లంచ్, పుస్తకాలు, తొడుగులు ఒక్కొక్కటీ ముట్టుకుని చూసుకుంది. బెల్టు వేసుకుంది. దిగింది. తలుపు వేయబోతూ ఆగి, లోపలికి వంగింది.

"గుడ్ మార్నింగ్. హ్యావ్ ఎ గ్రేట్ డే," అంది.

వెటకారం లేదు, ముద్దూ లేదు. మూడో కోన్ దగ్గర ఆగే ప్రతి కారుకీ చెప్పే గొంతుతోనే చెప్పింది. "థాంక్యూ," అన్నాను. తలుపు జాగ్రత్తగా వేసి వెళ్లిపోయింది.

వరస వైపు పోకుండా ఇంటికొచ్చేశాను. మళ్లీ మధ్యాహ్నం మూడున్నరకి దాన్ని ఎక్కించుకునేదాకా, ఆ రోజు నేను మాట్లాడిన మాట అదొక్కటే.